సముద్రం తప్పు దిక్కున ఉంది

విల్ఫ్ థర్కెటిల్‌కు దిక్కుల పిచ్చి. ముప్పై ఏళ్ళు ఒకే రూటులో బస్సు నడిపిన మనిషికి ఆ పిచ్చి ఎలా పట్టుకుందో ఇంగ్లండులోని ఆ నార్ఫోక్ తీరంలో ఎవరికీ తెలియదు. మెడలో దిక్సూచి లేకుండా గడప దాటేవాడు కాడు. తూర్పు గాలిది, దక్షిణం నిప్పుది, పడమర నీటిది, ఉత్తరం భూమిది. పాత దేవతలను కొలిచే వాళ్ళందరికీ ఇది తెలుసు. పూజ అవగానే ఆ సంగతి అక్కడే వదిలేసి ఇళ్ళకు పోతారు. విల్ఫ్ దాన్ని ఇంటికి కూడా పట్టుకుపోయేవాడు.

ఒకసారి హెస్టర్ అతనికి టీ ఇచ్చింది. వ్యాను వేసుకుని కూరగాయలు అమ్ముకునే హెస్టర్‌కు ఓపిక తక్కువ. విల్ఫ్ కప్పు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆకు భూమిది, కనుక ఉత్తరం. నీళ్ళున్నాయి, కనుక పడమర. మరిగించావు, కనుక దక్షిణం..."

"ముందు తాగవయ్యా మహానుభావా!"

"తొందరపెట్టకు. ఇంకా ఆవిరి ఉంది."

తేలేలోపల టీ చల్లారిపోయింది. ఆవిరి గొడవ వదిలిందని సంబరపడి, వేడిగా ఇంకో కప్పు అడిగాడు.

వాళ్ళ పూజాబృందంలో ఉన్నది ఏడుగురు. ఒకప్పుడు ఎనిమిదో మనిషి కూడా చేరాడు. వచ్చిన రోజే చెయ్యెత్తాడు. "సముద్రం తూర్పున కదా ఉంది? దానికి వీపు చూపించి, ఆవుల దొడ్డికేసి తిరిగి నీళ్ళను పిలుస్తామేంటి?"

అది అందరికీ ఉన్న అనుమానమే. విల్ఫ్ దిక్సూచి చూశాడు, సముద్రాన్ని చూశాడు, మళ్ళీ దిక్సూచి చూశాడు.

"సముద్రం తప్పు దిక్కున ఉంది. దాని ఖర్మ."

ఎనిమిదో మనిషి మళ్ళీ కనిపించలేదు.

ఇంతవరకూ హెస్టర్ నవ్వుకుంటూనే భరించింది. కానీ పోయిన శరత్కాలం నుంచి పిచ్చి ముదిరింది. తూర్పున విల్ఫ్ వేసే ధూపానికి, గడ్డివాము అంటుకుందేమోనని పక్క పొలం రైతు పరిగెత్తుకొచ్చాడు. దక్షిణాన మంట దగ్గరికి వెళ్తే కనుబొమలు మిగిలేలా లేవు. పడమర చిల్లు బకెట్టు వేలాడదీసి, కింద తపేలా పెట్టాడు. పూజంతా టప్ టప్ అని ఒకటే మోత. ఉత్తరాన పరవడానికి బస్తాడు కంకర. ఆ బస్తా మోయవలసింది హెస్టర్, హెస్టర్ వ్యాను.

"మట్టి చాలదా?" అని అరిచింది ఒకసారి.

"చాలదు. చప్పుడు కావాలి."

"భూమికి చప్పుడెందుకయ్యా?"

అతను దిక్సూచి తుడుచుకుంటూ అవతలికి పోయాడు. చివరికి పెద్దావిడ డోర్కస్ దగ్గర మొర పెట్టుకుంటే, "ఉండనియ్యవే, వాడి ముచ్చట వాడిది" అంది ఆవిడ. బృందాన్ని నలభై ఏళ్ళ కింద మొదలుపెట్టింది డోర్కసే. నాలుగు దిక్కులనూ పిలిచేది ఆవిడే. పిలిచే మనిషి ఒంటరిగా నడవాలి, ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు, అలా నడవలేని రోజున పక్కకు తప్పుకోవాలి అని నియమం పెట్టింది కూడా ఆవిడే. అప్పటికి ఆవిడకు ముప్పై ఎనిమిది.

నడివేసవి పండుగనాడు హెస్టర్ కావాలనే కంకర ఇంట్లో వదిలేసి వచ్చింది. పూజ అవగానే తేల్చెయ్యాలనుకుంది, కంకరో తనో.

"కంకరేది?" అన్నాడు విల్ఫ్.

"మరిచిపోయా."

విల్ఫ్ మొహం పాలిపోయింది. "అయితే పూజ ఆపుదాం."

"దిక్కుమాలిన రాళ్ళ కోసం పండగ ఆపుతావా?"

అప్పటికే డోర్కస్ కర్ర ఎత్తి నడక మొదలుపెట్టేసింది. ధూపం దగ్గర ఆగి గాలిని పిలిచింది. మంట సెగ దగ్గర ఆగి నిప్పును పిలిచింది. టప్ టప్ దగ్గర నీటిని పిలిచింది. ఆ తర్వాత ఆగలేదు. ఆవిడ పాదం గడ్డిలో దేనికోసమో తడుముకుంది. అడుగు వేసి మళ్ళీ తడుముకుంది. ఉత్తరం దాటిపోయింది. నాలుగడుగుల్లో ముళ్ళకంచె.

హెస్టర్‌కు అప్పుడు అర్థమైంది. డోర్కస్‌కు కళ్ళు కనబడటం లేదు.

విల్ఫ్ పూజయ్యాక తినడానికి తెచ్చుకున్న తిండిబుట్ట మీద పడ్డాడు. ఉప్పూ వెనిగరూ పట్టించిన చిప్స్ పొట్లం చించుకుంటూ పరిగెత్తి, ఉత్తరం వైపు గడ్డి మీద కుమ్మరించి, బూట్లతో తొక్కాడు. కరకరమంది. డోర్కస్ ఆ చప్పుడు విని వెనక్కి తిరిగింది. కాలి కింద నలుగుతున్న బంగాళాదుంప మీద నిటారుగా నిలబడి, నిండు గొంతుతో భూమిని పిలిచింది.

పూజ అయ్యాక హెస్టర్ అతన్ని పక్కకు లాగింది. "ఎప్పట్నించి?"

"శరత్కాలంలో పోస్టుడబ్బాకు శుభోదయం చెప్పింది. అది పలకలేదని నొచ్చుకుంది కూడా."

"నాకొక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"ఆవిడ నాకే చెప్పలేదు. నేను నీకెలా చెప్తాను? మనకు తెలిసిపోయిందంటే తనే తప్పుకుంటుంది. ఆ నియమం మాట తెలుసుగా."

తను చేసిన పనికి హెస్టర్‌కు సిగ్గేసింది. ఈ పిచ్చి మనిషిని పట్టుకుని ముద్దుపెట్టుకోవాలని కూడా అనిపించింది, కానీ ఏ దిక్కు బుగ్గ మీద అని అడుగుతాడని ఆగిపోయింది. "వచ్చే పండక్కి రెండు బస్తాలు తెస్తాను, చాలా?" అంది.

ఇంతలో డోర్కస్ గొంతు వినిపించింది. "విల్ఫ్! నలభై ఏళ్ళుగా భూమిని పిలుస్తున్నాను. ఉప్పూ వెనిగరూ పట్టించుకుని రావడం ఇదే మొదటిసారి."

విల్ఫ్ బూట్లకంటిన చిప్స్ ముక్కలు దులుపుకున్నాడు. "కోపమొచ్చిందా?"

"ఆకలేసింది. నాకేమైనా మిగిల్చావా, అంతా తొక్కేశావా?"