దుర్గి బస్సులో విన్న ముగింపు

మా మేనత్త శుక్రవారం పొద్దున నరసరావుపేట ఆస్పత్రిలో పోయింది. కబురు విన్నవాళ్లలో సగం మంది ముందు అయ్యో అన్నారు, తరవాత ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడ నోటికి అంత పేరు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ అంటారు. మా ఊరు దుర్గిలో ఆవిడ వల్ల ఉలికిపడని గడప లేదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతోనే "పిల్లకు కోపం చానా, ముందే చూసుకోండి" అని చెప్పిన మనిషి. ఆ పిల్ల నేనే.

నన్ను పెంచింది ఆవిడే. ఎనభైల మొదట్లో, నాకు ఏడేళ్లప్పుడు, అమ్మ కాన్పుకని గుంటూరు ఆస్పత్రికి వెళ్లి బిడ్డతో సహా అక్కడే చనిపోయింది. నాకెవరూ చెప్పలేదు. నన్ను పక్కింట్లో ఉంచి అన్నీ ముగించుకొచ్చి, "అమ్మకు ఇంకా నయం కాలేదమ్మా, వచ్చిద్ది" అన్నారు. నాన్న కూడా అదే మాట. రోజూ సాయంత్రం గుంటూరు బస్సు వేళకు వెళ్లి నిలబడేదాన్ని. ఊళ్లోవాళ్లు చూసేవాళ్లు. చూసి, చేతిలో బెల్లం ముక్క పెట్టి వెళ్లేవాళ్లు.

ఆ వేసవిలో మాచర్లకు ఇంగ్లీషు బొమ్మల సినిమా వస్తే అత్త పిల్లలందర్నీ మ్యాట్నీకి తీసుకెళ్లింది. మంత్రగత్తె ఒక తల్లి కొంగను రాయిగా మార్చేస్తుంది. పిల్ల కొంగ సముద్రాలు దాటి మందు వెతుక్కుంటూ ఎగురుతుంది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు కానీ, అంత నీలం రంగు ఆకాశాన్ని నేను అంతకుముందు చూడలేదు. కొంగపిల్ల మందు ముక్కున కరుచుకుని కొండ మీదికి ఎగురుతుండగా అత్త నా జబ్బ పట్టుకుని లేపింది. సాయంత్రం బస్సు తప్పితే ఇంకోటి లేదు. అందుకే మా ఊరివాళ్లు ఏ సినిమాకూ ముగింపు చూసి ఎరగరు. బస్సెక్కాక పెద్దవాళ్లలో ఒకరు మిగతా కథ కల్పించి చెప్పడం ఆనవాయితీ. అత్త చెబితే బస్సంతా వినేది.

"తల్లి కొంగ లేచిందా అత్తా?" అని అడిగాను.

"లేవలా."

"మందు తెచ్చింది గదా."

"తెస్తే? మనూళ్లో పొద్దస్తమానం రాళ్లు చెక్కుతుంటారు. ఒక్కటన్నా లేచి నడిచిందా?"

వెనక సీట్లో ముసలామె, "పసిదమ్మా, అట్టా చెప్పమాక. పురాణాల్లో రాయి లేవలేదా ఏంది?" అంది.

"దేవుడొచ్చాడు, లేచింది. దీనికోసం ఏ దేవుడొచ్చాడు?" అని అత్త నావైపు తిరిగింది. "ఏమే, మీ అమ్మా అంతే. చచ్చిపోయింది. కాల్చి వచ్చాం. రేపటి నుంచి బస్సుకాడికి పోమాక."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కొరికాను. రక్తం వచ్చింది. ఊరొచ్చేదాకా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మళ్లీ బస్సుకోసం నిలబడలేదు. చాలా కాలం ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను గానీ ఆవిడతో మాట్లాడలేదు. దానికీ ఆవిడ ఏమీ అనుకోలేదు. "మాటలు లేకపోతే మానె, కూడు మానమాక" అనేది.

ఆ దశాబ్దం చివర్లో ఒక పెళ్లింట్లో వీడియో తెప్పిస్తే పిల్లల కోసం అదే సినిమా వేశారు. రంగులు వెలిసిపోయాయి. నా కలల్లోకి వచ్చిన ఆ కొండ ఇంత పొట్టిదా అనిపించింది. ఆఖర్న కొంగపిల్ల మందు పోసింది. రాయి పగిలింది. తల్లి కొంగ రెక్కలు విప్పింది. పక్కనే అత్త వక్కాకు నములుతోంది.

"లేచింది గదా అత్తా" అన్నాను.

"లేచిద్దని నాకప్పుడే తెలుసు. పిల్లకాయల సినిమా, లేవకేం చేసిద్ది?" అంది. "నువ్వే, అది చూసుంటే ఇంకా ఆ బస్సుకాడే ఉండేదానివి."

క్షమించానని చెప్పను. చేతిలో బెల్లం పెట్టినవాళ్ల పేరు ఒక్కటీ గుర్తులేదు. నిజం చెప్పింది ఆవిడొక్కతే. నేను ఇవాళ నిలబడి ఉన్నది ఆ దెబ్బవల్లనే, అది నాకు తెలుసు.

నిన్న దుర్గి వెళ్లాను. అత్త మనవరాలికి ఐదేళ్లు. దాన్నీ పక్కింట్లో ఉంచి అన్నీ ముగించారు. నాయనమ్మకు నయం కాగానే వచ్చిద్దని చెప్పారు. అది వాకిట్లో కూర్చుని అత్త వక్కాకు సంచి ఒళ్లో పెట్టుకుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

"నాయనమ్మ వచ్చాక అడిగిద్ది పిన్నీ" అంది.

దాని ముందు కూర్చుని ఆ సంచి మీద చెయ్యి వేశాను. "రాదమ్మా. చచ్చిపోయింది. కాల్చి వచ్చారు" అన్నాను. అది నన్ను చూసింది. ఆ చూపు నేనెరిగినదే. నా చెయ్యి ఇంకా దాని ఒళ్లోనే, ఆ సంచి మీద ఉంది. తీసుకోలేదు.