నల్ల ముక్కల డబ్బా

రోజంతా క్షమాపణలు చెప్పడమే ఉద్యోగమైన మనిషి ఇంటికొచ్చాక ఎలా ఉంటాడో తెలియాలంటే మన ఇటుకలాయన్ని చూడాలి. వాషింగ్ మెషీన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం అతని పని. ఆ మెషీన్లు అతను తయారు చేయలేదు, అమ్మలేదు, చెడగొట్టనూ లేదు. అయినా చెడిపోయిన ప్రతి మెషీన్ తరఫునా తిట్లు తినేది అతనే. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. మీ సమస్య మాకు అర్థమైంది. మావాళ్ళు త్వరలోనే వస్తారు." త్వరలో ఎవరూ రారని ఫోన్ చేసినవాళ్ళకీ తెలుసు, ఇతనికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఇదే పాట. సాయంత్రానికి చెవుల మీద హెడ్‌సెట్ నొక్కిన గుర్తు ఎర్రగా మిగిలేది, గొంతు బొంగురుపోయేది. ఒకసారి భార్య వంటింట్లో కుళాయి కారుతోందని చెబితే, "మీ ఓపికకు ధన్యవాదాలు" అని నోరు జారాడు. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు.

ఇటుకలాయన అన్న పేరు అపార్టుమెంటు వాచ్‌మన్ పెట్టింది. తరచూ బరువైన పాత సంచులు మోసుకొస్తుంటే ఎక్కడో ఇల్లు కడుతున్నాడనుకున్నాడట పాపం. కట్టేది ఇళ్ళేలెండి, కాదనలేం. కాకపోతే అరచేతిలో పట్టే ఇళ్ళు, పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో. మొదటి పెట్టె కొన్నది కూతురి కోసం. ఆ పిల్ల రెండు రోజులు ఆడి, విసుగొచ్చి లేచిపోయింది. తండ్రి మాత్రం అక్కడే కూర్చుండిపోయాడు. కూతురు ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉంది, ఈయన ఇంకా లేవలేదు.

కొత్త పెట్టెల మీద అతనికి మోజు లేదు. బొమ్మ వేసి, పక్కనే ఏ ముక్క ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితాలంటే అసలే గిట్టదు. ఏం మాట్లాడాలో రాసిచ్చిన కాగితం ఆఫీసులో ఎలాగూ ఉంది, ఇంట్లో కూడానా? పిల్లలు పెద్దవాళ్ళయ్యాక జనం వదిలించుకునే సంచులంటేనే అతనికి ఇష్టం. వాటిలో ఇటుకలతో పాటు జడ క్లిప్పులు, పెన్సిలు ముక్కలు, ఎప్పటివో బిస్కెట్ పొడి, బొమ్మ చేయి ఒకటి, ఇలా ఏవేవో ఉంటాయి. అన్నీ ఏరిపారేసి, ఇటుకల్ని దిండు గలీబులో పోసి మూతి కట్టి, గోరువెచ్చని సబ్బు నీళ్ళలో పిసికి, బాల్కనీలో తువ్వాలు మీద ఆరబోసేవాడు. కొన్ని సన్న పలకల మీద పంటి గాట్లు కనిపించేవి. గోళ్ళతో ఊడక, ఎవరో పిల్లో పిల్లాడో పళ్ళతో పీకిన గుర్తులు. అతను వాటిని పారేయడు. పైకి కనిపించకుండా గోడల లోపల పెట్టి కడతాడు.

ఇంత వయసొచ్చాక ఇదేం పిచ్చి అని బంధువులు అడుగుతూనే ఉంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు. చెప్పాలంటే ఒక్కటే ఉంది. ముక్క పట్టిందా, టిక్కుమంటుంది. పట్టలేదా, పట్టలేదు, ఇంకోటి చూసుకోవాలి. అంతే గానీ నాలుగోసారి ఫోన్ చేస్తున్నాను, మీ పై అధికారిని పిలవండి అని అడగదు. దానికి ఎవరూ క్షమాపణ చెప్పక్కర్లేదు.

ఈ సరదాలోకి కొత్తగా దిగినవాళ్ళంతా ఒకే పొరపాటు చేస్తారు. ముక్కల్ని రంగుల వారీగా సర్దుతారు. ఎర్రవన్నీ ఒక డబ్బా, తెల్లవన్నీ ఒక డబ్బా. చూడ్డానికి కన్నులపండువగా ఉంటుంది. కట్టడం మొదలుపెట్టాక తెలుస్తుంది తంటా. ఎర్ర కుప్పలో ఫలానా చిన్న ముక్క వెతకాలంటే తల ప్రాణం తోకకొస్తుంది, అక్కడున్నవన్నీ ఎర్రవే కదా. అదే ఆకారం వారీగా సర్దుకుంటే, చిన్న పలకల డబ్బాలో ఎర్రది తనంతట తనే కంటబడుతుంది. ఈ సంగతి బుర్రకెక్కడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. ఉన్నవన్నీ అలా సర్దుకోవడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. పొడుగువి, పలకలు, వాలు ముక్కలు, గుండ్రటివి, కిటికీలు, చక్రాలు. కళ్ళు మూసుకుని చేయి పెట్టినా కావలసిన డబ్బాలోకే పోయేది. కట్టిన ఇళ్ళకన్నా ఆ సర్దుబాటే అతని అసలు సంపాదన.

ఆ డబ్బాలన్నీ ఉన్న గదిలోకి మొన్న వానాకాలంలో అతని నాన్న వచ్చాడు.

నాన్న టైలరు. బస్టాండు వెనక సందులో రెండు మెషీన్లు మాత్రమే పట్టే కొట్టు ఆయనది. భార్య పోయాక కొట్టు వెనక గదిలో ఒక్కడే ఉంటూ వచ్చాడు. ఒక రోజు ఉన్నట్టుండి తాళం వేసేశాడు. "అందరూ రెడీమేడ్ కొనుక్కుంటున్నారురా. ఇంక కుట్టించుకునేదెవరు?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు కాబట్టి ఎవరూ గుచ్చి అడగలేదు. ఖాళీ గది ఇంకోటి లేక, ఇటుకల అరల మధ్యే మంచం వేశారు. "బొమ్మల మధ్య పడుకోబెట్టావు. ఉయ్యాల కూడా కట్టకపోయావా?" అని దెప్పాడు గానీ అలవాటు పడ్డాడు.

ఇంట్లోవాళ్ళు అలవాటు పడలేనిది ఒకటే. ఆయన చొక్కా గుండీలు ఒకటి ఎగుడూ ఒకటి దిగుడూగా పెట్టుకుంటున్నాడు. టీ కప్పులోకి బదులు పళ్ళెంలోకి పోసుకుంటున్నాడు. కంటి డాక్టరు చూసి, రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చిన్నదే, ఇంకా నాన్చితే మాత్రం కష్టమవుతుందన్నాడు. నాన్న ససేమిరా అన్నాడు.

"నా కళ్ళకేమొచ్చింది? జన్మంతా కత్తెర పట్టినవాణ్ణి. ఎవడో కుర్ర డాక్టరు నా కంట్లో కత్తెర పెడతానంటే సరేనంటానా?"

అక్కడికక్కడే సూది, దారం తెప్పించుకుని ఎక్కించి చూపించాడు. ఆయన ఎక్కించింది చూపుతో కాదు, వేలికొసలతో. అది కొడుక్కి తెలుస్తూనే ఉంది. కానీ పొద్దుటి నుంచీ ఊరందరికీ సర్దిచెప్పి వచ్చిన మనిషికి ఇంట్లో వాదించే ఓపిక ఎక్కణ్ణుంచొస్తుంది? సర్లే అని ఊరుకున్నాడు. అలా ఊరుకుంటూనే నెలలు గడిచాయి.

ఇంతలో, ఫోన్లో ఇంకా వినయంగా మాట్లాడడమెలాగో నేర్పుతామని కంపెనీ వేరే ఊళ్ళో వారం రోజుల శిక్షణ పెట్టింది. ఉన్న వినయం చాల్లేదు కాబోలు. అది ముగించుకుని ఉసూరుమంటూ ఇల్లు చేరేసరికి, నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బ్యాగు అక్కడ పడేసి ఇలా రా. చూద్దువుగాని."

గదిలో అరలన్నీ వెలిగిపోతున్నాయి. తెలుపు, లేత పసుపు, ముదురు పసుపు, నారింజ, ఎరుపు, అలా సాగి సాగి నీలం, చివర నలుపు. అచ్చం కొట్టులో దారపు రీళ్ళ బీరువా ఎలా ఉండేదో అలాగే. ఆకారాల డబ్బా ఒక్కటీ మిగల్లేదు.

"నీ సర్దుడు చూస్తే నవ్వొచ్చిందిరా. అన్ని రంగులూ కలగాపులగం చేసిపెట్టుకున్నావు. నేను బొత్తాలు అలా పెట్టుకునుంటే కొట్టు ఒక్క రోజైనా నడిచేదా?" అన్నాడు నాన్న.

అతనికి ఒళ్ళు మండింది. ఆ మంట కూడా ఎంతోసేపు నిలవలేదు, నిలబెట్టుకునే శక్తి ఉంటే గదా. ఎనిమిదేళ్ళ ఆదివారాలన్నీ ఒక్కసారిగా మీద కూలినట్టయి మంచం అంచున చతికిలబడ్డాడు. నోరు మాత్రం ఉద్యోగ ధర్మం మరిచిపోలేదు.

"చాలా బాగుంది నాన్నా" అంది.

వంటింట్లో భార్య గొంతు తగ్గించి చెప్పింది. "ఆపుదామనే వెళ్ళానండీ. మామయ్య నేల మీద కూర్చుని ఒక్కో ముక్కనీ బల్బు దగ్గరికి పెట్టి చూస్తున్నారు, మళ్ళీ దించి చూస్తున్నారు. మధ్యమధ్యలో కూనిరాగం. ఇక్కడికొచ్చాక ఆయన గొంతులో రాగం వినడం అదే మొదలు. నాకు నోరు రాలేదు."

"మళ్ళీ సర్దే ఓపిక నాకు లేదు."

"తెలుసు. కూర్చోండి, టీ పెడతాను."

ఆ తర్వాత చాలా వారాలు అతను ఇటుకల జోలికి పోలేదు. ఆదివారాలు పడుకుని ఫ్యాను చూస్తూ గడిపాడు. నాన్న మాత్రం రెండు రోజులకోసారి అడిగేవాడు. "ఏరా, వాడుతున్నావా? తప్పులేమన్నా దొరికాయా?" "ఏం లేవు నాన్నా" అనేవాడు ఇతను. ముసలాయనకి మెచ్చుకోలు మీద మోజు పుట్టిందని లోపల విసుక్కునేవాడు కూడా.

ఒక ఆదివారం పొద్దున, పడుకుని పడుకుని నడుం పట్టేసి లేచాడు. సగంలో ఆపేసిన బొమ్మ ఒకటి అర మీద గుడ్డ కింద ఉంది. అది నాన్న కొట్టు. గోడలు, బల్ల, కత్తిరించే చెక్క అయిపోయాయి. కుట్టు మెషీన్ మిగిలింది. దానికి చిన్న నల్ల వాలు ముక్కలు కావాలి. పాత రోజుల్లో అయితే చేయి పెట్టగానే దొరికేవి. ఇప్పుడు నల్ల డబ్బా మొత్తం దేవాలి. తిట్టుకుంటూ బొమ్మనీ డబ్బానీ బాల్కనీలోకి మోసుకెళ్ళి, ముక్కల్ని తువ్వాలు మీద గుమ్మరించాడు.

ఎండ ఏటవాలుగా పడుతోంది. కుప్పలో ఏదో తేడా కొట్టింది. ఒక ముక్క తీశాడు. ముదురు నీలం. ఇంకోటి తీశాడు. అదీ నీలమే. కెలికేకొద్దీ నీలం బయటపడుతూనే ఉంది. లేచి వెళ్ళి తెల్ల డబ్బా మూత తీశాడు. అందులో లేత పసుపు ముక్కలు బోలెడు. ఎర్ర డబ్బాలో మాత్రం ఒక్క తప్పూ లేదు.

బొత్తం రంగుకీ దారం రంగుకీ వెంట్రుకవాసి తేడా ఉన్నా కుట్టు విప్పేసే మనిషి ఆయన. బల్బు దగ్గరికి పెట్టి ఒక్కో ముక్కనీ ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది. ఆయన కొడుకు గది సర్దలేదు. తన కళ్ళకు తనే పరీక్ష పెట్టుకున్నాడు. ఫలితం చెప్పమని ఇన్ని వారాలుగా అడుగుతున్నాడు.

అతని చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. నీలం ముక్కల్ని గబగబా ఏరి పిడికిట్లో పోగేయసాగాడు. గుట్టుచప్పుడు కాకుండా నీలం డబ్బాలో పడేస్తే సరి, ఎవరికీ బాధ ఉండదు. మీ సమస్య మాకు అర్థమైంది, మావాళ్ళు త్వరలోనే వస్తారు.

"ఏం ఏరుతున్నావురా?"

నాన్న గోడ పట్టుకుని బాల్కనీలోకి వచ్చాడు. అక్కడే ఉన్న సగం బొమ్మని చేతుల్లోకి తీసుకుని వేళ్ళతో తడిమాడు. గుమ్మం దగ్గర వేళ్ళు ఆగాయి.

"నా కొట్టు కదూ. మెట్టు ఒకటే ఉండేది. రెండు పెట్టావేం?"

"మారుస్తాను నాన్నా."

"సరే గానీ, డబ్బాలో తప్పులున్నాయా?"

ఏమీ లేవన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రోజంతా చెప్పే మాటే, చెప్పడానికి కష్టం లేదు. కానీ ఎదురుగా ఉన్నది ఫోన్ కాదు. అలసట మీద అలసట పేరుకుని, ఇక ఆ తియ్యటి గొంతు అతనికి పలకలేదు.

"ఉన్నాయి నాన్నా. నల్లవాటిలో నీలం కలిసింది."

"ఒకటీ అరానా?"

"కాదు. సగందాకా."

నాన్న బొమ్మని కింద పెట్టి అరచేయి చాపాడు. కొడుకు అందులో నల్లది ఒకటి, నీలంది ఒకటి పెట్టాడు. ఆయన వాటిని ఎండలోకి పెట్టి, దగ్గరికి తెచ్చి, దూరంగా జరిపి చూశాడు.

"ఏది నీలం?"

"నీ బొటనవేలి దగ్గరున్నది."

"నాకు రెండూ ఒకటే" అన్నాడు నాన్న. కుర్చీలో కూర్చున్నాడు. రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "చివరగా ఒక లాయరుకి నల్ల కోటు కుట్టాను. చాలా పాత గిరాకీ. జేబు మూతలకి నీలం గుడ్డ కత్తిరించానట. ఆయన మొహం మీద చెప్పలేదు. వేసుకుని అద్దంలో చూసుకుని, చాలా బాగుందన్నాడు. మళ్ళీ రాలేదు. పక్క కొట్టువాడు నవ్వుతూ చెప్పేదాకా నాకు తెలీదు."

"అందుకా కొట్టు మూసింది?"

"రెడీమేడ్ కూడా ఉందిలే."

నాన్న ఆ రెండు ముక్కల్నీ అరచేతిలో దొర్లించాడు.

"నువ్వూ చాలా బాగుందన్నావు" అన్నాడు నాన్న. కోపం లేదు ఆ మాటలో.

కొడుక్కి సిగ్గేసింది. ఊరందరికీ చెప్పిన అబద్ధాలకి ఎన్నడూ వేయనంత సిగ్గు. "అన్నాను" అన్నాడు.

నాన్న రెండు ముక్కల్నీ జాగ్రత్తగా తువ్వాలు మీద పెట్టి లేచాడు. "ఆ కుర్ర డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడు?"

"ఎప్పుడైనా రమ్మన్నాడు."

"కనుక్కో అయితే. ఈ వారంలోనే."

ఆకారాల సంగతి అతను ఆ రోజు ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. ముక్కల్ని రెండు చేతులతో డబ్బాలోకి తోస్తూ, నీలంవి మాత్రం వేరుగా పక్కకి పెట్టబోయాడు. గడపలో ఉన్న నాన్నకి ఆ చప్పుడు తెలిసింది.

"వాటిని ముట్టుకోకు. ఎక్కడివి అక్కడే ఉండనీ" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఆస్పత్రి నుంచి వచ్చాక నేనే ఏరతాను."

అతను పిడికిట్లో ఉన్న నీలం ముక్కల్ని మళ్ళీ నల్లవాటిలోనే పోసి, మూత పెట్టాడు.