మాస్టారి చలి

బాపట్లలో వెంకటరాఘవయ్య మాస్టారికి ఒకే ఒక్క శత్రువు ఉండేది. అది చలి. తేలు కుట్టినా 'సరేలే' అని ఊరుకునే మనిషి, పక్కింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడైతే మఫ్లర్ వెతుక్కునేవారు. డిసెంబరులో అయితే ఎవరూ పట్టించుకోరు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకునే మే నెలలో కూడా ఆయన చేతులకు ఉన్ని గ్లౌజులు తొడుక్కుని, చంకలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని బజారుకు బయల్దేరేవారు. ఆయన్ని చూస్తేనే ఎదుటివాళ్లకు చెమటలు పట్టేవి.

కోడలు కౌముది రేపల్లె నుంచి కాపురానికి వచ్చేసరికే ఆయన ఇలా ఉన్నారు. ఆయన పుట్టుకే అంత కాబోలనుకుంది.

వచ్చిన కొత్తలో బంధువుల పెళ్లికి ఏసీ హాలుకు వెళ్లారు. మాస్టారు లోపల అడుగుపెట్టిన మరుక్షణం మేనేజరును పిలిపించారు.

"ఏసీ ఆపించు బాబూ."

"మాస్టారూ, ఇంతమంది జనం. ఉడికిపోతారండి."

"వాళ్లకి పోయేది చెమట. నాకు పోయేది ప్రాణం. ఏది ఎక్కువో నువ్వే లెక్కెయ్యి."

లెక్కలు చెప్పి రిటైరైన మనిషితో లెక్కలో గెలిచినవాడు బాపట్లలో లేడు. ఏసీ ఆగింది. పెళ్లికొడుకు కల్యాణం బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది. భోజనాల దగ్గర జనం విస్తరాకులతో విసురుకుంటూ మాస్టారిని తిట్టని తిట్టు లేదు, నవ్వని నవ్వు లేదు. వాళ్లతో కలిసి నవ్వుతున్న కౌముది మాత్రం కొంగు చాటున దాచుకున్న చేతులు బయటికి తీసి, వేళ్లు ముడిచి విప్పి చూసుకుని, దేవుడికి దండం పెట్టుకుంది. ఆ దండం సంగతి తర్వాత చెబుతాను.

ఇంట్లో ఫ్రిజ్ మీద సర్వాధికారాలూ మాస్టారివే. పెరుగు తీయాలన్నా, కూరలు తీయాలన్నా ఆయనే. ఇంకొకరు తలుపు మీద చెయ్యి వేస్తే ఊరుకునేవారు కాదు.

"చలికి చచ్చిపోయే మనిషికి ఫ్రిజ్‌తో పనేంటండీ?" అనేది ఆయన భార్య సుందరమ్మ.

"శత్రువు మీద కాపలా మనమే కాయాలే. ఒకళ్లని నమ్మకూడదు."

అంట్లు తోమే కుళాయికి గీజరు పెట్టించారు. ఏటా ఉన్ని గ్లౌజులు కొత్తవి కొనేవారు, ఏటా అందులో ఒక జత ఆయనకు చిన్నదయ్యేది. "కొట్టువాడు మళ్లీ ముంచేశాడు. పారేయడం ఎందుకు, నువ్వు తొడుక్కో అమ్మాయ్" అని కోడలికిచ్చేవారు. జన్మంతా కొలతలు నేర్పిన మనిషికి సొంత చేతి కొలత తెలియదని సుందరమ్మ వీధి వీధంతా చెప్పుకునేది.

ఇప్పుడు ఆ దండం సంగతి. కౌముదికి కాలేజీ రోజుల నుంచీ ఒక బాధ ఉంది. చన్నీళ్లు తగిలినా, చల్లగాలి తగిలినా, పరీక్షల ముందు గుండె దడదడలాడినా సరే, వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడేవి. గుచ్చినా తెలిసేది కాదు. కాసేపటికి నీలం తిరిగేవి, తర్వాత ఎర్రబడి నిప్పు మీద పెట్టినట్టు మండేవి. కాలివేళ్లూ అంతే. డాక్టరుకు చూపించే బదులు మేనత్త చూసి, "ఇది పెద్దరోగం మొదలే, బయటపడితే పిల్లకి పెళ్లి కాదు" అని తీర్పు చెప్పింది. పెద్దరోగమంటే కుష్ఠు. తల్లి హడలిపోయి, పెళ్లయ్యాక అదే సర్దుకుంటుందని కూతురి నోరు మూయించింది. అది సర్దుకోలేదు. భర్త కౌండిన్య ఒకసారి చూసి, "రక్తం తక్కువేమో" అని ఖర్జూరాల డబ్బా తెచ్చిపెట్టి, తన బాధ్యత తీరిందనుకున్నాడు. అత్తామామలకు తెలిస్తే జబ్బు దాచి అంటగట్టారంటారని, తనను పుట్టింటికి పంపేస్తారని కౌముదికి పగలూ రాత్రీ ఒకటే భయం. అలాంటి పిల్లకు చలి పిచ్చి ఉన్న మామగారు దొరకడం ఎన్ని జన్మల పుణ్యమో అనుకునేది. ఆయన్ని చూసి నలుగురూ నవ్వుతుంటే తనూ నవ్వేది గానీ, ఆ నవ్వు లోపల ఎక్కడో గుచ్చుకునేది.

నిరుడు కార్తీక పౌర్ణమికి తెల్లవారుజామునే అందరూ సూర్యలంక వెళ్లారు. సముద్రస్నానం చేయాలని సుందరమ్మ పట్టు. ఈదురుగాలి కొడుతోంది. ఆటో దిగుతుండగానే కౌముది కాలివేళ్లు మొద్దుబారాయి. నీళ్లలోకి దిగితే అందరి ముందూ బయటపడిపోవడమే. అంతలో మాస్టారు ఆటో కమ్మీ పట్టుకుని గజగజ వణకడం మొదలుపెట్టారు.

"నన్ను ఒంటరిగా వదిలిపెట్టకండే. కళ్లు తిరుగుతున్నాయి. అమ్మాయిని ఉంచి మీరు వెళ్లండి."

"పుణ్యానికి అడ్డంపడే మొగుణ్ణి ఏ జన్మలో కోరుకున్నానో" అంటూ సుందరమ్మ సముద్రం దారి పట్టింది. ఆవిడ కనుమరుగవగానే మాస్టారి వణుకు తగ్గింది. ఫ్లాస్కు మూతలో వేణ్ణీళ్లు పోసి, "పట్టుకోమ్మా, నాకు కాస్త చల్లారాలి" అని కోడలి చేతుల్లో పెట్టారు. ఆ నీళ్లు చల్లారి, ఆమె వేళ్లకు రంగు వచ్చేదాకా ఆయన వాటిని అడగలేదు.

ఆ శీతాకాలమే కౌముది చూపుడువేలి చివర చిన్న పుండు లేచింది. కత్తికి తెగిందని చెప్పి పట్టీ వేసుకుంది. వారాలు గడిచినా మానలేదు. చుట్టూ నల్లబడి పట్టీ అంచు దాటుతోంది. స్నానాలగదిలో తలుపు వేసుకుని చూసుకునేది, ఏడ్చేది, మళ్లీ పట్టీ వేసుకుని వంటింట్లోకి వచ్చేది.

ఒకరోజు మాస్టారు టిఫిన్ తింటూ ప్రకటించారు. "నా వేళ్లు తెనాల్లో డాక్టరుకి చూపించుకోవాలి. తోడెవరు?"

"నేను రాను. రైల్లో కిటికీలన్నీ మూయించి నా పరువు తీస్తారు" అంది సుందరమ్మ. కౌండిన్యకు సెలవు లేదు. మిగిలింది కోడలే.

తెనాలిలో డాక్టర్ చందన గదిలోకి వెళ్లగానే మాస్టారు ముందు ఏసీ ఆపించారు. తర్వాత కూర్చుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టారు. చలి తగిలితే వేళ్లు తెల్లబడతాయి, తర్వాత నీలం, తర్వాత ఎరుపు, మంట. భయపడినా అంతే. ఒక వేలికి పుండు, వారాలైనా మానడం లేదు, చుట్టూ నల్లబడుతోంది. ఒక్కో మాటకీ కౌముది పట్టీ ఉన్న వేలిని కొంగులోకి లాక్కుంటోంది.

"గ్లౌజులు తీసి చూపించండి."

తీశారు. మందార పూల రంగులో నిగనిగలాడుతున్న చేతులు. వేసవంతా ఉన్నిలో ఉడికినందుకు చెమటకాయల మచ్చలు తప్ప వాటికి ఏ లోటూ లేదు.

"పుండెక్కడుందండి?"

మాస్టారు పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసుకున్నారు. "ఇందాకటిదాకా ఉండాలండి" అన్నారు.

డాక్టరు ముఖంలో విసుగు కనబడింది. కౌముదికి అప్పుడు అర్థమైంది. ఈయన ఇంకాసేపట్లో పిచ్చివాడనిపించుకుని బయటికి వెళతారు గానీ, ఆ వేలు ఎవరిదో మాత్రం చెప్పరు. ఆమె పట్టీ ఊడదీసి చెయ్యి బల్ల మీద పెట్టింది.

"నాదండి" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది.

డాక్టరు చాలాసేపు పరీక్షగా చూసింది. "దీన్ని రేనాడ్స్ అంటారమ్మా. చలికీ భయానికీ వేలి చివర సన్నటి రక్తనాళాలు బిగుసుకుపోతాయి. రక్తం అందక తెల్లబడుతుంది, మళ్లీ వచ్చేటప్పుడు మండుతుంది. కొందరు భయపడ్డట్టు ఇది కుష్ఠు కాదు, ఒకళ్ల నుంచి ఒకళ్లకి అంటదు. చాలామందికి ఒళ్లు వెచ్చగా ఉంచుకుంటే చాలు. నీకు పుండు పడింది కాబట్టి వెనకాల ఇంకేదైనా జబ్బుందేమో పరీక్షలు చేయాలి. ఇంకొన్నాళ్లు దాచుంటే వేలి చివర దక్కేది కాదు."

మాస్టారు అటు తిరిగి గ్లౌజుతో కళ్లు తుడుచుకున్నారు.

స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక కౌముది అడిగింది. "ఎప్పుడు తెలిసింది మావయ్యా?"

"మీ పెళ్లిలోనే. బిందెలో ఉంగరం తీసే ఆటలో ప్రతిసారీ మావాడే గెలిచాడు. అందరూ వాణ్ణి మెచ్చుకుని నవ్వారు. నువ్వు చెయ్యి బయటికి తీస్తే చూశాను. ఉంగరం నీ చేతికి అందింది తల్లీ, వేళ్లకే తెలియలేదు."

"మరి అప్పుడే అడగొచ్చు కదా?"

"ఆడపిల్ల దాచుకున్నదాన్ని లాక్కుని చూడ్డం మర్యాద కాదమ్మా. కొత్తకోడలు చలంటే పదిమంది ఎందుకని అడుగుతారు. ముసలాడు చలంటే ఎవడూ అడగడు." గ్లౌజులు మడిచి ఒళ్లో పెట్టుకుని, "అది కూడా తప్పేనేమో. అడిగుంటే పుండు దాకా వచ్చేది కాదు" అన్నారు. కౌముదికి ఏడుపు ఆగలేదు. ఆయన ఆపలేదు.

ఇంట్లో సంగతంతా విన్న సుందరమ్మ కోడలిని దగ్గరికి తీసుకుంది. మొగుడికి మాత్రం మాటలు తప్పలేదు. "ఇన్ని వేసవులు ఫ్యాను ఆపించి నన్ను ఉక్కలో ఉడకేశారు. ఒక్క మాట చెబితే ఆ ఫ్యానేదో నేనే ఆపేదాన్ని కదండీ."

మందులకు పుండు మానింది. పరీక్షల్లో కొద్దిగా తేడా ఉందట, అప్పుడప్పుడూ వెళ్లి చూపించుకోవాలి. కౌముది వెళుతోంది, దాచకుండా.

మొన్న తెనాలిలో బంధువుల పెళ్లి. ఉంగరాలాటకు బిందెతో నీళ్లు తెచ్చిపెట్టారు. కొత్త పెళ్లికూతురు చెయ్యి పెట్టబోతుండగా కౌముది లేచి వెళ్లి, మాస్టారి ఫ్లాస్కు మూత తీసి బిందెలోకి ఒంపింది. పురోహితుడు ఆశ్చర్యపోయాడు.

"ఏంటమ్మా అది?"

"వేణ్ణీళ్లండి. నాకు చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడతాయి. ఈ అమ్మాయి సంగతి మనకేం తెలుసు?" అంది, అందరికీ వినబడేలా.

ఆ మాటకు హాల్లో జనమంతా అలవాటు కొద్దీ మాస్టారి వైపు తిరిగారు. ఆయన గ్లౌజుల్లేని చేత్తో ఐసు ముక్కలేసిన నిమ్మసోడా గటగటా తాగుతున్నారు.

"నన్ను చూస్తారేంటండీ?" అన్నారు మాస్టారు. "నాకు చలెప్పుడుంది?"