నకలు లేని తాళం

ఆసుపత్రిలో అందరూ ఆమెను స్టోరక్క అనేవారు. బ్యాండేజీలు చుట్టే గదిలో మొదలుపెట్టి, మత్తుమందుల బీరువా దాకా ఎదిగిన మనిషి. ఆ బీరువా తెరవాలంటే పక్కనున్న కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌లాంటి వేలెడంత భద్రతా కీ గుచ్చాలి. డ్యూటీలో ఎవరి కీ వాళ్ల మెడలో వేలాడేది.

"దీనికి నకలుండదక్కా, దేవుడు దిగొచ్చినా చేయలేడు" అన్నాడు కీలు పంచిన ఇంజనీరు.

ఇళ్లకు పట్టుకెళ్తే పారేసుకుంటారని మేనేజరు ఇంకో నియమం పెట్టాడు: డ్యూటీ దిగగానే కీలన్నీ గేటు దగ్గర ట్రేలో వేసిపోవాలి. నకలు లేని వస్తువును నలుగురి చేతికీ అందేలా పెట్టడాన్ని భద్రత అంటుంటే అక్కడెవరికీ నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె క్యాంటీన్లో ఒంటరిగా భోంచేస్తుండగా బీరువా తెరుచుకుంది. ఇంజెక్షన్లు మాయం. తెరిచింది ఆమె కీయేనని కంప్యూటర్ చెప్పింది.

"కీ మీ మెడలోనే ఉంది. దానికి నకలు లేదు. ఇక తీసిందెవరమ్మా, దయ్యమా?" అన్నాడు మేనేజరు. ఉద్యోగం నుంచి పక్కన పెట్టాడు.

"నువ్వు తీయలేదని నాకు తెలుసులేవే" అని భర్త రోజూ అనేవాడు. రోజూ అనాల్సిరావడమే ఆమెకు బరువైంది.

కొన్నాళ్లకు కీలు చేసిన కంపెనీయే ప్రకటించింది: పాత కీల చిప్పులో లోపముంది, కాసేపు చేతికి చిక్కితే తగిన పరికరాలతో లోపలి రహస్యం లాగి అచ్చం అలాంటిదే తయారుచేయొచ్చు. బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే.

ఇంజనీరు ఫోన్ చేశాడు. "అక్కా, నకలు చేయొచ్చట."

"దిగొచ్చాడా దేవుడు?" అంది.

మేనేజరు పిలిపించాడు. "చేయొచ్చని తేలింది గానీ, చేశారని తేలలేదు కదమ్మా!"

"నేను తీశానని ఎప్పుడు తేలింది సార్?"

ఆయన కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. "సర్లెండి, రేపట్నుంచి రండి. ఇదిగో కొత్త కీ. దీనికి మాత్రం నకలు ససేమిరా ఉండదు."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "బీరువా వద్దు సార్. ఓపీ చీటీల దగ్గర వేయండి."

"అలా తప్పుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు అనుకుంటారమ్మా."

"అనుకోనీండి సార్. కాదని చెప్పే ఓపిక అయిపోయింది."

ఇప్పుడామె కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ల పేరూ వయసూ అడిగి చీటీ ఇస్తుంది. దొంగెవరో తేలలేదు. కీలు మార్చేశాక వెతికినవాళ్లూ లేరు.