రెండు నిమిషాల మౌనంలో నా కడుపు

ఈ రోజు కేజీఎఫ్‌లో, గనుల ఆఫీసులో నాతో పనిచేసిన మిత్రుడి సంతాప సభకు వెళ్ళాను. పేగు ఆపరేషన్ తర్వాత నాకు పొట్ట మీద సంచి ఉంటుంది. మలమైనా గాలైనా అందులోకే. గాలి చెప్పి రాదు. కూర్చుని ఉంటే ముంజేయి అదిమి పెట్టి శబ్దాన్ని కొంత అణచవచ్చు. కానీ మౌనం పాటించమనగానే అందరూ లేచి, చేతులు కిందికి వదిలి నిలబడ్డారు. నేనూ అలాగే నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే అది గట్టిగా మోగింది.

ఇలాంటప్పుడు నా భార్య సరోజ పెద్దగా దగ్గేది. అలవాటుగా ఎడమవైపు చూశాను. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆ చోట మా పక్కింటి మునెమ్మ ఉంది.

మౌనం ముగియగానే చెవిలో అడిగింది. "ఏమప్పా, ఆ సద్దు నీదేనా? పోయినాయన ఏమో చెప్తా ఉండాడని భయపడితిని!"

"నాదేనమ్మా. ఆపరేషన్ చేసి కడుపుకు సంచి పెట్టినారు."



"అట్లనా! సరోజమ్మ యాడికి పోయినా ఎందుకు దగ్గుతా ఉండెనో ఇప్పుడు తెలిసె. ఆమెకే ఏమో రోగమని మేమంతా అనుకొంటిమే!"

నవ్వాను. ఇంటికి వచ్చాక అది మళ్ళీ మోగింది. వినేవాళ్ళు ఎవరూ లేరు. అయినా దగ్గాను.

మీలో సంచి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ పక్కన దగ్గేది ఎవరు?