పాప సంగారెడ్డిలో, నేను జహీరాబాద్‌లో

ఆ రోజు ఎంత ప్రయత్నించినా సూదిలోకి దారం ఎక్కలేదు. నేను జహీరాబాద్‌లో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. అప్పుడు ఎనిమిదో నెల. కళ్ల ముందు మెరుపులు, తల పగిలిపోతున్నంత నొప్పి. నిద్ర చాలకేమో అనుకుని మొహం కడుక్కుని మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను. మా అత్తమ్మ నా పాదాలు చూసి, "గింత వాపేందే? చెప్పులల్ల కాళ్లు పడ్తలేవు. లే, దవాఖానకు పోదాం" అంది.

డాక్టరమ్మ బీపీ ఒకసారి చూసి, నమ్మలేనట్టు మళ్లీ చూసింది. "యూరిన్‌లో ప్రొటీన్ పోతోంది. ఇది ప్రీఎక్లాంప్సియా, గర్భంతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు. ఫిట్స్ రాకముందే సిజేరియన్ చేయాలి" అంది. 

"ఇంకా నెలలు నిండలేదు కదా మేడం?" 

"తెలుసమ్మా. ఆగితే ఇద్దరికీ ప్రమాదం."

పాప ఏడ్చింది గానీ ఆ ఏడుపు పిల్లికూన అరుపంత ఉంది. ముఖం ఒక్కసారి చూపించారు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి, ముక్కు గుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ పెట్టాలి, అది ఇక్కడ లేదు అంటూ అంబులెన్స్‌లో సంగారెడ్డికి పంపించారు. నా భర్త నర్సింలు వెంట వెళ్లాడు. నేను మంచం మీద ఉండిపోయాను.

డిశ్చార్జ్ చేసి నన్ను ఇంటికి పంపారు. బొడ్డు కింద కుట్లు, పక్కన ఖాళీ. ఫోన్ చేసినవాళ్లందరూ పాప గురించే అడిగారు. నా ధ్యాస కూడా అక్కడే. ఒక ఉదయం లేవబోతే చీర తడిగా తగిలింది. కుట్ల దగ్గర చీము. ఒళ్లు కాలిపోతోంది. "వూండ్ ఇన్ఫెక్షన్. రోజూ డ్రెస్సింగ్ కావాలి. బీపీ కూడా దిగలేదు, ప్రయాణం వద్దు. ఈ జ్వరంతో పిల్లల వార్డులోకి రానివ్వరు కూడా" అంది డాక్టరమ్మ.

మరి పాప దగ్గర ఎవరుండాలి? తల్లులుండే గదిలో మగవాళ్లను ఉండనివ్వరు. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. మా అమ్మ చనిపోయి చాలా కాలమైంది. ఆ సమయంలో మొగుడంపల్లి నుంచి మా యారాలు మాణెమ్మ, అంటే నర్సింలు అన్న భార్య, బట్టల సంచితో వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్నదమ్ములు వేరు పడినప్పుడు మాటా మాటా పెరిగి, అప్పటి నుంచి మేం మాట్లాడుకోవడం లేదు.

"నువ్వు కట్టి ఇడిసిన చీర ఒకటియ్యి. దవాఖాన నర్సమ్మ తెమ్మన్నదంట, పిల్లకు తల్లి వాసన తెల్వాలెనంట" అంది.

"కంది కోతల టైము గదక్కా" అన్నాను.

"కంది ఏడికి పోదు. ఆడ దవాఖానల పిల్ల ఒక్కతే ఉన్నది."

నేను చేయగలిగింది పాలు పంపడం ఒక్కటే. నీళ్లలో మరిగించిన గిన్నెలోకి పాలు పిండి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. నర్సింలు వాటిని ఐసు పెట్టిన డబ్బాలో పొద్దుటి బస్సులో తీసుకెళ్లేవాడు. పాపకు ట్యూబుతో పట్టేవారు.

సీప్యాప్ తీసేశాక నర్సు కంగారూ కేర్ మొదలుపెట్టించింది. పాపను ఒట్టి ఒంటితో ఛాతీకి ఆనించి పడుకోబెట్టుకోవాలి. తల్లి రాలేకపోతే ఆరోగ్యంగా ఉన్న ఇంటి మనిషి చేయొచ్చట. వీడియో కాల్‌లో చూశాను. మాణెమ్మ గుండెల మీద నా బిడ్డ, తలకు టోపీ, ముక్కులో ట్యూబు, హాయిగా నిద్ర. సంతోషించాల్సింది పోయి కుళ్లుకున్నాను. ఆ చోటు నాది కదా. ఏడుపు ఆగలేదు.

"ఏందే, ఏడుస్తున్నవా?" అంది మాణెమ్మ. "పిల్ల నీదే. నువ్వు వచ్చేదాంక ఎత్తుకున్న, గంతే. ఏమన్న మాట్లాడు, వింటది."

"ఏం మాట్లాడాలె?"

"ఇయాల ఏం తిన్నవో చెప్పు."

జొన్నరొట్టె తిన్నానని, ఎల్లిపాయ కారంలో ఉప్పు ఎక్కువైందని చెప్పాను. పాప కనురెప్పలు కదిలాయి. మాణెమ్మ ఫోన్ ఇంకా దగ్గరగా పెట్టింది.

అంతా బాగుందనుకున్న సమయంలో పాప నీలంగా మారింది. ఊపిరి తీసుకోవడం మరిచిపోతోందట. అప్నియా అన్నారు. "ఇన్ఫెక్షన్ వచ్చింది. మళ్లీ సీప్యాప్ పెట్టాం, పాలు ఆపేశాం. ఇప్పుడే ఏమీ చెప్పలేను" అన్నాడు అక్కడి డాక్టరు ఫోన్‌లో.

"మరి పాలు పిండడం ఆపెయ్యనా సార్?"

"వద్దమ్మా. తాగే రోజుకు పాలుండాలి."

తాగేవాళ్లు లేకపోయినా పిండాను. సీసాలు ఫ్రిజ్‌లో నిండాయి. నిల్వైనవి అత్తమ్మ తీసుకెళ్లి జామచెట్టు మొదట్లో పోసేది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ఖాళీ మంచం చూసి, "పిల్లేది?" అనడిగితే, "వచ్చినంక రాండ్రి" అని వాకిట్లోంచే పంపేసేది. తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చునేది. నా జడ విప్పి మళ్లీ వేసేది.

చివరికి మాణెమ్మ నుంచి ఫోన్. ఆమె గొంతు గదంతా వినిపించింది. "రెండు మిల్లీలు తాగింది! కక్కలే!" నర్సింలు గోడకు ఆనుకుని కూలబడి మొహం కప్పుకున్నాడు.

నా కుట్లు మానాయి, జ్వరం పోయింది, బీపీ దిగింది. డాక్టరమ్మ సరేనన్నాక సంగారెడ్డి వెళ్లాను. చేతులు కడిగించి, గౌను తొడిగించి లోపలికి పంపారు. మాణెమ్మ పాపను నా ఛాతీ మీద పెట్టింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"నువ్వే తీసుకోక్కా. నీకు అలవాటు పడ్డది" అన్నాను.

మాణెమ్మ చీర సర్దుకుంది. "నేను జర చాయ్ తాగొస్త" అని బయటికి వెళ్లిపోయింది. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. పాప ఏడ్చి ఏడ్చి అలసిపోయింది, తర్వాత నా మెడ కింద మూతి ఆనించి నెమ్మదించింది. "మీ ఇద్దరికీ జర టైం పడ్తదమ్మా" అంది నర్సు, మానిటర్ చూస్తూ.

ఇప్పుడు మా పాప అంగన్‌వాడీకి పోతోంది. కళ్ల పరీక్షలు, చెవుల పరీక్షలు అన్నీ సరిగా వచ్చాయి. నేను బీపీ చూపించుకుంటూనే ఉన్నాను. మాణెమ్మకూ నాకూ ఇప్పటికీ వాదనలవుతాయి, కానీ మాటలు ఆగలేదు.

బిడ్డను ఆసుపత్రిలో వదిలి ఇంట్లో ఉన్న తల్లులకు ఒక్కటే చెబుతాను. అందరూ బిడ్డ గురించే అడుగుతారు, మీ గురించి మీరు కూడా మరిచిపోతారు. మిమ్మల్ని చూసుకునే పని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. రోజూ వెలుతురులో కుట్లు చూడమనండి, ఒళ్లు పట్టి చూడమనండి. చీము, జ్వరం, తలనొప్పి, చూపు మసక, ఏది కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బిడ్డ వచ్చే రోజుకు ఎత్తుకోవడానికి మీరుండాలి.