బండికి ఎదురు నిలబడ్డ మా మేనత్త

నా చిన్నప్పుడు మోత్కూర్‌లో మా ఇంటి వాకిట్లో ఒక పాత కిరాయి కారు ఉండేది. ఎన్ని చేతులు మారి మా బాపు దగ్గరికి వచ్చిందో ఎవరికీ తెలియదు. వెనక తలుపు తాడుతో కట్టుకోవాలి, వాన పడితే లోపల కూడా పడేది. అయినా పెళ్లిపిల్లగాడిని తోలుకుపోవాలన్నా, కానుపు కష్టమైన ఆడమనిషిని నల్లగొండ దవాఖానలో చేర్పించాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. బాపుకు బండి నడపడం వచ్చు, హారన్ కొట్టడం ఇంకా బాగా వచ్చు. బానెట్ కింద ఏముందో మాత్రం ఆయనకు పట్టేది కాదు. అదంతా మా మేనత్త పని.

మేనత్త బాపుకు అక్క. ఆమె భర్త హైదరాబాదులో ఒక మోటారు షెడ్డులో మేస్త్రీగా ఉండేవాడు. షెడ్డు వెనకే వాళ్ల కాపురం. పిల్లలు లేని ఇంట్లో ఒక్కతే ఏం కూర్చుంటుంది? రోజూ షెడ్డులోకి పోయి, మామ చేసే పని చూసి చూసి, బ్యాటరీల సంగతంతా తానే చూసుకునేదాకా వచ్చింది. మామ పోయాక ఆమె బొట్టు చెరిపారు, గాజులు తీయించారు. పెట్టెలో చీరల మధ్య దాచుకున్న గాజు గొట్టం మాత్రం ఎవరి కంటా పడలేదు. దాన్ని తీసుకునే ఆమె మా ఇంటికి వచ్చింది. ఆ గొట్టానికి ఒక చివర రబ్బరు బుడ్డ, లోపల తేలే చిన్న గుండు ఉండేవి. బుడ్డ నొక్కి వదిలితే బ్యాటరీలోని యాసిడ్ నీళ్లు గొట్టంలోకి ఎక్కేవి. బ్యాటరీ నిండుగా ఉంటే గుండు పైకి తేలేది, నీరసించి ఉంటే మునిగేది.

పొద్దున్నే బాపు మొహం కడుక్కునేలోపే ఆమె బానెట్ ఎత్తేది. గొట్టంతో బ్యాటరీలోని ఒక్కో గదినీ చూసేది. తీగలు బిగించిన చోట తెల్లగా బూజు పట్టి ఉంటే వేడినీళ్లు పోసి కడిగి, తుడిచి, గ్రీజు పూసేది. డైనమో బెల్టును బొటనవేలితో నొక్కి ఎంత వదులైందో చూసేది. తర్వాత బాపును పిలిచి, గోడ మీద పడేలా లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమనేది. వెలుగు కాస్త తగ్గితే పర్వాలేదు, దీపం కొండెక్కినట్టు అయిపోతే మాత్రం ఆ పూట బండిని కదలనిచ్చేది కాదు. ఇంజన్ లేచాక లోపలికి తొంగి చూసి, స్టీరింగ్ వెనక ఉన్న మీటరు ముల్లు చార్జి వైపు పోయిందంటేనే సరే అనేది.

బ్యాటరీలో పోయడానికి వాననీళ్లు పట్టి, వడగట్టి, జాడీలో దాచేది. మా బావి నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లటి పొర కట్టేది. ఆ నీళ్లే పోస్తే ఏమైతదని బాపు తల్లి, మా అవ్వ, ఒకసారి అడిగింది. "మన బాయి నీళ్లు తాగి మన పండ్లే గిట్లయినయ్, గది ఆగుతదా అవ్వా?" అంది మేనత్త. అవ్వ గారపట్టిన పళ్లు కనబడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక్కడ చిక్కు ఒకటే. కిరాయి మాట్లాడుకున్నవాళ్లు తెల్లారకముందే వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లు బండి ఎక్కే వేళకు మేనత్త సరిగ్గా బండి ముందర నిలబడి ఉండేది. భర్త పోయిన ఆడది ప్రయాణానికి ఎదురొస్తే చెడ్డదని మా దగ్గర గట్టి పట్టింపు. కొందరు వెనక్కి పోయి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవాళ్లు. ఒకసారి దారిలో టైరు పంక్చరైతే ఆమె మొహం చూసినందుకే అన్నారు. టైరులో జానెడు మేకు దిగి ఉంది. మేకును మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పక్క ఊరి పటేల్ తన కొడుకు పెళ్లికి మా కారు మాట్లాడుకోవడానికి వచ్చి, మొహం మీదే చెప్పాడు. ఆ మనిషి బండి దగ్గరికి రావద్దు, వస్తే వేరే బండి చూసుకుంటానన్నాడు. అవ్వ కూడా ఆయన మాటే పట్టింది, సొంత కూతురు గురించే అయినా. ఆ రాత్రి అన్నాల దగ్గర బాపు తల వంచుకుని మేనత్తతో చెప్పాడు. ఇక బండి వెళ్లిపోయేదాకా లోపలి అర్రలోంచి బయటికి రావద్దు. ఇంకొక్కసారి ఆమె వల్ల మాట వస్తే, అమ్రాబాద్ అవతల ఉన్న అత్తగారి ఊరికి పంపడం తప్ప తనకు వేరే దారి లేదన్నాడు. అక్కడ ఆమె మరిది గొడ్ల చాకిరీకి జీతం లేని మనిషి దొరుకుతుందా అని కాచుకుని ఉన్నాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మేనత్త కంచంలో చేయి కడుక్కుంది. "సరే తమ్మీ. నన్నంటే అర్రల దాస్తవ్. బ్యాటరీని ఏడ దాస్తవ్?" అని లేచి వెళ్లిపోయింది.

పెళ్లి వచ్చేదాకా బానెట్ ఎత్తినవాళ్లు లేరు. పెళ్లినాడు పటేల్ మనుషులు పసుపు కంకణాలు తెచ్చారు. స్టీరింగుకు ఒకటి కట్టారు, లైట్లకు కట్టారు, బండికి ప్రాణం దాంట్లోనే ఉంటది కదా అని బానెట్ ఎత్తించి బ్యాటరీకీ కట్టించారు. కొబ్బరికాయ కొట్టారు. బండి లేచింది. మేనత్త అర్ర తలుపు మూసే ఉంది.

పెళ్లిపిల్లగాడిని ఎక్కించుకుని వాళ్ల ఊరు దాటగానే కల్లు మండువ దగ్గర పెళ్లివాళ్లు బండి ఆపించారట. గొంతు తడుపుకుని వచ్చి ఎక్కితే సెల్ఫ్ టక్‌మని ఊరుకుంది. హ్యాండిల్ తిప్పారు, తోశారు, తిట్టారు. బండి కిక్కురుమనలేదు. చివరికి ఎడ్లను కట్టి, పెళ్లిపిల్లగాడిని లోపలే కూర్చోబెట్టి, మిట్టమధ్యాహ్నం మా వాకిట్లోకి ఈడ్చుకొచ్చారు. ఊళ్లో సగంమంది వెనకాలే వచ్చారు. ముహూర్తం సందెవేళకు, దారేమో చాలా ఉంది.

లోపలున్నా ఆమె నీడ పడ్డదన్నాడు పటేల్. కిటికీలోంచి తొంగి చూసి ఉంటుందన్నారు ఇంకెవరో. అవ్వ గోడకు తల ఆనించి ఏడ్చింది. బాపు నేలను చూస్తూ, రేపే ఆమెను అత్తగారింటికి తోలుతా అన్నాడు.

అప్పుడు అర్ర తలుపు తెరుచుకుంది. మేనత్త గాజు గొట్టం చేత్తో పట్టుకుని, నెత్తిన కొంగు కూడా కప్పుకోకుండా, జనం మధ్యలోంచి నడిచివచ్చి బండి ముందర నిలబడింది.

"బయటుంటే ఎదురొచ్చిందంటిరి. లోపలుంటే నీడ వడ్డదంటిరి. ఇగ నేను ఏడుండాలె? గీడనే ఉంట. ఎవరు జరుపుతరో జరుపుండ్రి."

ఎవరూ కదల్లేదు. ఆమె బానెట్ ఎత్తింది. గొట్టంతో ఒక్కో గదినీ చూసింది, అన్నిట్లోనూ గుండు మునిగింది. డైనమో ఇచ్చిన కరెంటు బ్యాటరీలోకి ఎక్కలేదన్నమాట. తీగ బిగించిన చోట వేలు పెట్టి, సగం కాలి నల్లబడ్డ పసుపుదారాన్ని లాగింది. కంకణాన్ని బ్యాటరీ మొనకు గట్టిగా చుట్టి, దాని మీదే తీగ బిగించారు. దారిలో కుదుపులకు అది ఇంకా వదులైపోయింది.

ఆమె ఆ దారాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. "నా దిష్టి తగులొద్దని గిది కట్టిండ్రు. గిదే కరెంటును ఆపింది. మళ్ల నన్ను తోలుతరట!"

ఇంతలో అవ్వ ఏడుపు ఆపింది. ఎవరూ అడగకుండానే పొయ్యి మీది వేడినీళ్ల గిన్నె తెచ్చి కూతురి పక్కన పెట్టింది. మేనత్త బూజు కడిగింది, తుడిచింది, గ్రీజు పూసి తీగ బిగించింది. సెల్ఫ్ తిప్పేంత బలం బ్యాటరీకి లేదు, హ్యాండిలే కొట్టాలి. హ్యాండిల్ కొట్టాలంటే బండికి ఎదురుగానే నిలబడాలి కదా. హ్యాండిల్ కోసం బాపు చేయి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

మొదటిసారి హ్యాండిల్ ఎదురు తన్నింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అరచేయి కొంగుకు తుడుచుకుని మళ్లీ పట్టి, ఒళ్లంతా వంచి తిప్పింది. ఇంజన్ దగ్గింది, పొగ కక్కింది, లేచింది. నాకు గట్టిగా కేక వేయాలనిపించింది, వేశాను కూడా.

"పటేలా, ముల్లు ఎటుదిక్కు పోయిందో మీరే సూడుండ్రి," అంది మేనత్త. ఆయన తలపాగా తీసి లోపలికి వంగి చూశాడు. తలపాగా మళ్లీ పెట్టుకుంటూ, "చార్జి దిక్కే పోయింది," అన్నాడు.

కానీ ఆమె బండి ముందునుంచి జరగలేదు. ఎక్కమంది. తాను ఎదురుగా ఉండగానే ఎక్కమంది. పటేల్ ఒకసారి సూర్యుణ్ని చూశాడు, ఒకసారి కొడుకును చూశాడు, ఎక్కాడు. మిగిలినవాళ్లు ఆయన వెనక ఎక్కారు. అందరూ కూర్చున్నాకే ఆమె పక్కకు జరిగి, "పెండ్లిదాక ఇంజన్ బంద్ చేయకు తమ్మీ. మండువ కాడ అస్సలే ఆపకు," అని బాపుకు చెప్పింది.

ముహూర్తం అందింది. ఊరు మాత్రం ఒక్కరోజులో మారలేదు. పటేల్ మళ్లీ మా కారు మాట్లాడుకోలేదు, ఆయన్ను చూసి ఇంకొందరు మానేశారు. పోతే పోనీ అన్నాడు బాపు. మర్నాడు తెల్లవారుతూనే ఆయన అర్ర ముందు తాళంచెవి పట్టుకుని నిలబడి, "అక్కా, రా. నువ్వు రాంది నేను బండి తియ్య," అన్నాడు. అమ్రాబాద్ మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చనిపోయేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది, తన ఇంట్లోనే.

కొన్నేళ్ల కిందట మా ఆయన పోయారు. అప్పటినుంచి నాకూ చెప్పేవాళ్లు తయారయ్యారు, ఎవరైనా శుభకార్యానికి బయలుదేరితే కాసేపు లోపల ఉండమని. మనసులో ఏమీ లేదంటూనే చెబుతారు. మొన్న మనవడి పెళ్లిచూపులకు బయలుదేరేటప్పుడు మా చుట్టాలామె మెల్లగా నా చేయి పట్టుకుని గుమ్మంలోంచి వెనక్కి లాగింది. నేను ఆ చేయి విడిపించుకున్నాను. మెట్లు దిగి, కారు ముందుకు పోయి, సరిగ్గా నడిమధ్యలో నిలబడ్డాను.

"ఎక్కుండ్రి బిడ్డా," అన్నాను. మనవడు నవ్వి ముందుగా ఎక్కాడు. చుట్టాలామె చివరగా ఎక్కింది. ఆమె తలుపు వేసుకునేదాకా నేను పక్కకు జరగలేదు.